ఏడు జాడీల ఎండ

మార్చి 9

పొద్దున్నే బోరమ్ వాళ్ళమ్మ పళ్ళెం నిండా కుడుములు పట్టుకొచ్చింది. ఎర్రగింజల పొడి చల్లి ఆవిరి మీద ఉడికించినవి, ఇంకా పొగలు కక్కుతున్నాయి. "అక్కా, రేపట్నుంచి మా ఇంట్లో చిన్న పని. కాస్త చప్పుడవుతుంది, ఏమనుకోకు" అంది. కప్పు కారుతోందని పోయిన వానాకాలం నుంచీ గోలపెడుతోంది కదా, దాని మరమ్మతే అనుకున్నాను. "దానికేముందే, కానివ్వు" అన్నాను. నేను మూడు తిన్నాను, మా ఆయన ఐదు తిన్నాడు. పళ్ళెం ఖాళీగా పంపలేం కాబట్టి నువ్వుల నూనెలో కలిపిన ఆకుకూర పెట్టి పంపాను.

మార్చి 12

చిన్న పని కాదు. మేడ!

ఇనప చువ్వలు దింపుతున్న లారీ అతన్ని అడిగితే చెప్పాడు. పైన ఇంకో ఇల్లు కడుతున్నారట. వాళ్ళ బోరమ్‌కి జులైలో కాన్పట, మొగుడితో సహా వచ్చి ఇక్కడే కాపురం పెడుతుందట. ఈ సంగతి వీధంతా తెలుసు. చేపలమ్మే ఆవిడకి కూడా తెలుసు. నాకొక్కదానికే కుడుములు తినిపించి సరిపెట్టారు.

కొరియా దక్షిణపు కొసన ఉన్న మా మొక్‌పోలో ఈ కొండ మీద ఇళ్ళన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. వాళ్ళు కింద, మేం పైన. వాళ్ళ కప్పు ఇన్నాళ్ళూ మా పెరటి గట్టుకి సమానంగా ఉండేది. దాని మీదుగా సముద్రం కనపడేది. సముద్రం పోతే పోయింది, చూడాలనిపిస్తే రేవుకెళ్ళి చూస్తాను. ఎండ కోసం ఎక్కడికి వెళ్ళను? ఆ గట్టు మీదే నా జాడీల అరుగు ఉంది. ఏడు జాడీలు. నాలుగు పెద్దవాటిలో పోయిన నెల వేసిన కొత్త సోయా సాస్, రెండింట్లో నిరుటి సోయా ముద్ద, మూలనున్న చిన్నదాంట్లో మా అత్తగారి పాత సాస్. నేను కాపురానికొచ్చిన ఏడు ఆవిడ ఒళ్ళో పెట్టుకుని పడవలో తెచ్చింది. ఏటా అందులోంచి ఒక గరిటె కొత్తదాంట్లో కలపాలి, కొత్తది తయారయ్యాక ఒక గరిటె మళ్ళీ అందులో నింపాలి. నలభై ఒక్క ఏళ్ళుగా ఒక్క ఏడు తప్పలేదు. అక్టోబరు దాకా ఎండ బాగా తగిలితేనే సాస్, లేకపోతే నల్లటి ఉప్పునీళ్ళు. ఇది బోరమ్ వాళ్ళమ్మకి తెలియదా? పద్దెనిమిదేళ్ళుగా వాళ్ళింట్లో ప్రతి పులుసూ నా సాస్‌తోనే కాగుతోంది.

మా ఆయనతో చెప్తే, "కుడుములు తిన్నాం కదే" అన్నాడు.

మార్చి 13

నేనేం బెంగపెట్టుకోలేదు. మనుషులన్నాక ఇళ్ళు కట్టుకోరా?

మార్చి 14

చీపురు కర్రకి బట్టలారేసే గెడ కట్టి గట్టు అవతలి అంచున నిలబెట్టాను. మేడ అంత ఎత్తు లేస్తే నీడ ఎక్కడిదాకా వస్తుందో చూద్దామని. బెంగతో కాదు, ఊరికే. పదకొండింటికి ఐదో జాడీ మీద పడింది. మా ఆయన కిటికీలోంచి చూసి, "ఎవర్ని పొడుద్దామని?" అని అడిగాడు.

మార్చి 20

ఇవాళ గట్టిగా అడిగేద్దామని బయల్దేరాను. ఉత్తచేతులతో ఎలా వెళ్తాం, ఉల్లికాడల అట్లు నాలుగు వేసి పట్టుకెళ్ళాను. పొరపాటు అక్కడే జరిగింది. అట్లు చేతికిచ్చాక పోట్లాడటం కుదరదు.

"జాడీలకి ఎండ తగలదేమోనే" అన్నాను మెల్లిగా.

"జాడీలకా?" అట్టు నములుతూ అంది. "ఈ రోజుల్లో అంత కష్టం ఎందుకక్కా? సూపర్ మార్కెట్లో సీసాల్లో ఎన్ని రకాలు వస్తున్నాయో! నడుం విరగ్గొట్టుకుని ఇంట్లో ఎవరు పెడుతున్నారు చెప్పు?"

సీసాల్లో!

ఇంటికి వచ్చేశాను. అన్నం తినలేదు. తర్వాత తిన్నాను.

మార్చి 22

రెండు రోజులుగా ఆవిడతో మాట్లాడటం లేదు. ఆవిడ గమనించినట్టు లేదు. ఇంకో వారం చూసి మా ఆయనతో కబురు పంపిస్తాను, మాట్లాడటం మానేశానని.

మార్చి 25

నా అట్ల పళ్ళెం తిరిగొచ్చింది, దాని నిండా నారింజలు. అక్కడితో ఆగితే లెక్క తేలిపోయేది. కానీ పక్కనే వాళ్ళ గిన్నె ఒకటి, అందులో ఊరేసిన పచ్చి పీతలు. వేలు ముంచి నాకి చూశాను. నా సాసే! నా సాస్‌లో ఊరేసిన పీతలు నాకే పంపింది. ఇప్పుడు వాళ్ళ గిన్నె నా దగ్గర ఉంది. మాటలు లేకపోయినా గిన్నె ఖాళీగా పంపలేం కదా.

ఏప్రిల్ 3

మాట్లాడటం మానేశానని ఆవిడకి తెలిసింది. ఆవిడా మానేసింది.

గిన్నెలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. నేను బోరమ్ వాళ్ళ గేటు దగ్గర పెట్టి వచ్చేస్తాను, ఆవిడ మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోతుంది. మొన్న ముల్లంగి కిమ్చీ ఊరగాయలో కావాలనే కారం గుమ్మరించాను. దానికి జవాబుగా ఉప్పు కషాయం లాంటి ఎండుచేపల వేపుడు వచ్చింది. అయితే సరేనని నేను ఆక్టోపస్ వేపుడు చేశాను, బాగా, చాలా బాగా, చూసి కుళ్ళుకోవాలని. దానికి పందిమాంసం ఉడకబెట్టి పంపింది, వెన్నలా ఉంది. మా ఆయన బొత్తాలు పట్టడం లేదు. "మీరిద్దరూ ఇలాగే కలకాలం మాట్లాడుకోకుండా ఉండండే" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఈయనా బోరమ్ వాళ్ళ నాన్నా రోజూ సాయంత్రం మూలకొట్టు దగ్గర కలుసుకుని బియ్యపు కల్లు తాగుతున్నారు. నాకు తెలియదనుకుంటున్నాడు.

ఏప్రిల్ 11

గోడలు లేచాయి. మధ్యాహ్నం రెండింటికి మొదటి జాడీ మీద నీడ.

ఏప్రిల్ 13

ఒంటిగంటన్నరకి.

ఏప్రిల్ 14

మబ్బు. ఇవాళ ఎవరికీ ఎండ లేదు. మనసు కాస్త కుదుటపడింది.

ఏప్రిల్ 17

వార్డు ఆఫీసుకి వెళ్ళాను. మా అబ్బాయి గ్యుహో వయసు గుమస్తా, మర్యాదగానే ఉన్నాడు. కాగితాలన్నీ తిరగేశాడు.

"అమ్మగారూ, అన్నీ సక్రమంగా ఉన్నాయండి. మీ హద్దు నుంచి మీటరున్నర వదిలి కడుతున్నారు."

"మరి జాడీల సంగతి?"

"జాడీలకి రూలు లేదండి. కిటికీలకి ఉంది. మీ కిటికీకి ఎండ వస్తోందా?"

"కిటికీకి ఎండెందుకయ్యా? కిటికీ పులుస్తుందా, బూజు పడుతుందా?"

పక్క బల్ల దగ్గరావిడ నవ్వింది. ఆవిడ వాళ్ళమ్మ కూడా జాడీలు పెడుతుంది కాబోలు, మొహం చూస్తే తెలిసిపోయింది. గుమస్తా మాత్రం నవ్వలేదు. హద్దు మీద అనుమానముంటే సర్వే పెట్టించుకోవచ్చన్నాడు. పెట్టించమన్నాను. మీటరున్నర వదిలారట! కొలిస్తే ఎంత వదిలారో బయటపడుతుంది. మీటరు ఉంటే గొప్ప.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఎందుకే ఇదంతా" అన్నాడు. న్యాయం కోసం అన్నాను.

ఏప్రిల్ 23

రేపు సర్వే వాళ్ళు వస్తారు. నా పూల జాకెట్ ఇస్త్రీ చేసుకున్నాను. వీధిలో అందరికీ చెప్పాను, వచ్చి చూడమని.

ఏప్రిల్ 24

అందరూ వచ్చారు.

సర్వే వాళ్ళు ఇద్దరు మూడు కాళ్ళ స్టాండు పెట్టి అటూ ఇటూ చూసి, రాసుకుని, ఎర్ర తల మేకు పట్టుకుని వచ్చారు. వాళ్ళ గోడ వైపు వెళ్తారనుకుంటే మా గట్టెక్కారు. "కాస్త తప్పుకోండమ్మా" అన్నాడొకడు. తప్పుకున్నాను. నా జాడీల అరుగు మీద, మూడో జాడీకీ నాలుగో జాడీకీ మధ్య, టక్ టక్ టక్ మని మేకు కొట్టాడు.

"ఇదేంటయ్యా?"

"ఇదేనమ్మా హద్దు. వంకరగా పోతుంది. ఈ మూడు జాడీలూ వాళ్ళ స్థలంలో ఉన్నాయి."

సర్వే వాళ్ళలో పెద్దవాడు ఓదార్పుగా అనుకుని ఇంకో మాట కూడా చెప్పాడు. వాళ్ళు పాత గట్టునే హద్దనుకుని కట్టారట, అసలు హద్దు ఇక్కడుందని తెలిసుంటే ఇంకో రెండు జానలు ముందుకి జరిగి కట్టుకోవచ్చట. "మీకే లాభమమ్మా" అన్నాడు.

బోరమ్ వాళ్ళమ్మ వాళ్ళ మెట్ల మీద నిలబడి అంతా చూసింది. తిట్టొచ్చు. నవ్వొచ్చు. "ఓహో" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన దగ్గు వచ్చినట్టు నటిస్తూ ఇంట్లోకి పరిగెత్తాడు. దగ్గు చాలాసేపు వినిపించింది.

ఏప్రిల్ 25

ఏమీ జరగలేదు.

ఏప్రిల్ 26

పొద్దున గుమ్మం ముందు గిన్నె. మూత తీస్తే జొన్నపిండి ముద్దలు, పైన తేనె. మా మూడు జాడీల గురించి ఒక్క మాట లేదు, చీటీ లేదు. పాపం అక్క తల వంచుకునే ఉంటుంది, పోనీలే అనుకుని పంపిన తేనె. ఆ జాలి నాకక్కర్లేదు! అరిస్తే నేనూ అరిచేదాన్ని కదా.

ఒళ్ళు మండిపోయింది. ముద్దలన్నీ తిన్నాను. గిన్నె శుభ్రంగా తోమి, పొడిగుడ్డతో తుడిచి, మెరిసిపోయేట్టు చేసి, ఖాళీగా తీసుకెళ్ళి వాళ్ళ గేటు దగ్గర పెట్టి వచ్చాను.

మా ఆయన కిటికీలోంచి చూశాడు. నమ్మలేనట్టు నా వంక చూశాడు. "ఖాళీగానా?" అన్నాడు. "ఉత్తదా? ఒక్క ముల్లంగి ముక్క కూడా లేకుండా? అలా చేస్తారా ఎవరైనా?"

నేను చేశాను.

ఏప్రిల్ 30

గిన్నె రాలేదు.

మే 4

గిన్నె రాలేదు. మంచిదే. నాకూ పని తగ్గింది.

మే 6

మా ఆయన సాయంత్రం కొట్టు నుంచి వచ్చి, బోరమ్ వాళ్ళమ్మ ఆ గిన్నె చూసి ఏడ్చిందని చెప్పాడు. ఎవరు చెప్పారని అడిగితే నాలుక్కరుచుకున్నాడు.

దానికి ఏడవడమెందుకు? ఏడిస్తే సీసాలో సాస్ తెచ్చుకుని తాగమను.

ఇవాళ కూర మాడిపోయింది.

మే 15

మేడకి కప్పు పడింది. పొద్దున పదింటికి నీడ మొదటి జాడీ మీదికి వస్తుంది, మధ్యాహ్నానికి ఐదు, రెండింటికి ఏడూ నీడలోనే. మూడింటికి ఓ అరగంట గోడ పక్క సందులోంచి ఏడో జాడీకి కాస్త తగులుతుంది, వాళ్ళు మెట్లు కట్టేదాకా.

మే 16

జాడీలు ఎండ వెనక జరపాలి. తేలికే. పొద్దున పెరటి తలుపు దగ్గరికి, మధ్యాహ్నం బోరింగు దగ్గరికి, తర్వాత మళ్ళీ తలుపు దగ్గరికి. గోనె పట్టా మీద పెట్టి ఇద్దరం లాగితే చాలు.

మే 17

మా ఆయనకి నడుం పట్టేసింది. వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూస్తూ, "ముప్ఫై ఏళ్ళు పడవ ఇంజన్లు మోశాను, ఏమీ కాలేదు. నీ జాడీ ఒక్కటి..." అన్నాడు. పట్టీ వేశాను.

మే 27

రెండో జాడీలో అంచు చుట్టూ తెల్లటి తెట్టు. సన్నగా, పొరలా. తీసేశాను. అంతకుముందు కూడా ఒకసారి ఇలా వచ్చింది, ఎండ తగ్గినందువల్ల కాదు. గాలిలో తడి వల్ల.

జూన్ 3

నాలుగు జాడీల్లోనూ తెట్టే. మూడోది పుల్లటి వాసన వేస్తోంది. ఎండ తగ్గినందువల్లే. ఇంకెన్నాళ్ళు గాలిని తిట్టను?

చెంచాతో నాలుక మీద వేసుకున్నాను. చేదు. నోరు కడుక్కుని అరుగు మీదే కూర్చుని ఏడ్చాను. నలభై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదు. గ్యుహో పుట్టిన ఏడు కూడా కాలేదు, మా ఆయన పడవ మునిగి మూడు రోజులు ఆచూకీ లేనప్పుడు కూడా నేను పొద్దున్నే మూతలు తీశాను. ఇప్పుడు ఈ ఏటి సాస్ పోతే అక్టోబరులో చిన్న జాడీలోకి నింపడానికి మంచి గరిటె ఒక్కటి ఉండదు. అక్కడితో అది తెగిపోతుంది.

జూన్ 9

రాయాలి. ఇంకా కోపంగా ఉంది. కోపమే అనుకుంటా.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర అలికిడి. బోరమ్ వాళ్ళమ్మ. చేతుల్లో ఏమీ లేదు. ఇద్దరం కాసేపు చెప్పుల వైపు చూశాం.

"గ్యుహో వాళ్ళమ్మగారూ" అంది.

గారూ! పద్దెనిమిదేళ్ళుగా అక్కా అని పిలిచిన నోటితో!

"చెప్పండి" అన్నాను.

"బోరమ్‌కి వచ్చే నెల నొప్పులు వస్తాయి. బాలింతకి సముద్రపు నాచు పులుసు పెట్టాలి. అందులోకి సీసా సాస్ పనికిరాదు."

నేను ఎదురుచూస్తున్న మాట అదే. "అదేంటండీ" అన్నాను. "సూపర్ మార్కెట్లో ఎన్ని రకాలు వస్తున్నాయో! నడుం విరగ్గొట్టుకుని ఇంట్లో ఎవరు పెడుతున్నారు?"

దాని మొహం ఎర్రబడింది. "ఆ ఒక్క మాటకా? ఆ ఒక్క మాటకా నువ్వు నాతో మూడు నెలలు మాట్లాడనిది? అట్టు నోట్లో పెట్టుకుని ఏదో అన్నాను! నువ్వు కష్టపడుతున్నావని అన్నాను!"

"మేడ కట్టేముందు నాకొక్క మాట చెప్పావా?"

"కుడుములు తెచ్చాను కదా!"

"చిన్న పని అన్నావు! కప్పు మరమ్మతు అనుకున్నాను!"

"కప్పు మరమ్మతుకి ఎవరైనా కుడుములు పంచుతారా? తెలిసే తిన్నావనుకున్నాను!" అని, "నా గిన్నె ఖాళీగా పంపావు. నేను మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు" అంది.

"నా జాడీల మధ్య మేకు కొట్టించింది ఎవరు?"

"నువ్వే!"

అది నిజమే. నేను పెరట్లోకెళ్ళి చిన్న జాడీలోంచి పాత సాస్ అరసీసా వంచి తెచ్చిచ్చాను. పసిబిడ్డ సంగతి వేరు కదా. అది సీసా తీసుకుని వాసన చూసి, కళ్ళు మూసుకుంది. "కొత్తది ఎలా ఉంది?" అని అడిగింది. నేను చేతులు తుడుచుకున్నాను. అదే పెరట్లోకి నడిచి, మూడో జాడీ మూత తీసింది.

అరుగు మీద కూలబడింది.

"ఇది చచ్చిపోతోందక్కా" అంది.

"మీ గోడ" అన్నాను.

అది తలెత్తి వాళ్ళ మేడ కేసి చూసింది. కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత, "ఓసారి కాచి వడకట్టి, ఉప్పు సరిచేసి, మంచి ఎండలో పెడితే బతుకుతుంది. పైకెక్కించేద్దాం. డాబా మీద తెల్లారినప్పట్నుంచీ పొద్దుగూకేదాకా ఎండే" అంది.

"నా జాడీలు నీ డాబా మీదా? నేను బతికుండగానా? ఇంటి జాడీలు ఇంకొకరి స్థలంలో పెట్టుకునేదాన్నిలా కనపడుతున్నానా నీకు?"

అది ఎర్ర మేకు కేసి వేలు చూపించింది. "ఏడింట్లో మూడు ఎప్పట్నుంచో మా స్థలంలోనే ఉన్నాయి కదక్కా. మిగతా నాలుగూ వస్తే కొత్తగా పోయే పరువేముంది?"

నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. అది ముందు నవ్విందా నేను ముందు నవ్వానా గుర్తులేదు. అదే ముందు.

జూన్ 11

నాలుగు జాడీల సాసూ పెద్ద కళాయిల్లో కాచాం, వాళ్ళ వాకిట్లో. అది మంట చూసింది, నేను తెట్టు తీశాను. ఉప్పు ఎంత వెయ్యాలన్న దాని మీద గొడవపడ్డాం. నేను చెప్పినంతే వేశాం.

జూన్ 16

బోరమ్ వాళ్ళ సామాను వచ్చింది. ఎత్తే నిచ్చెన లారీ వీధిలో నిలబెట్టి ఫ్రిజ్జు, బీరువా, పరుపులు ఒక్కొక్కటీ పైకి పంపిస్తున్నారు. వాటి మధ్యలో నా జాడీలు. కొత్త కాపురం వాళ్ళ సామానుతో ఎక్కితే ఎవరూ పట్టించుకోరని బోరమ్ వాళ్ళమ్మ ఆలోచన. అందరూ పట్టించుకున్నారు. చేపలమ్మే ఆవిడ కొట్టు మూసి మరీ వచ్చింది.

నలుగురు మోసుకెళ్ళి ఒక్కొక్క జాడీనీ దుప్పట్లు చుట్టి పలక మీద కట్టారు. ఏడోది, చిన్నది, నేనే ఎత్తుకుని తీసుకెళ్ళాను. లారీ అతను దాన్ని చూసి, "ఇంత జాగ్రత్తగా పట్టుకున్నారు, ఇందులో ఏముందమ్మా?" అని అడిగాడు.

"మా అత్తగారు" అన్నాను.

అతని చెయ్యి మీట మీద ఆగిపోయింది. బోరమ్ వాళ్ళ నాన్న పక్కకి తీసుకెళ్ళి విడమరిచి చెప్పేదాకా పైకెత్తనన్నాడు. ఎత్తాక కూడా ఆ ఒక్క జాడీని చాలా మెల్లిగా ఎత్తాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

అది ఎక్కుతున్నంతసేపూ నేను కళ్ళు మూసుకున్నాను. మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. నడుం నొప్పి ఉన్నా పట్టుకోనిచ్చాడు.

జూన్ 19

పొద్దున ఐదున్నరకి వాళ్ళ బయటి మెట్లెక్కి మూతలు తీశాను. అల్లుడు బనీనుతో డాబా మీద పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను చూసి నురగ మింగేశాడు. పాపం మంచివాడు. రేపట్నుంచి దగ్గుతూ ఎక్కుతాను.

జూన్ 24

నేను వెళ్ళేసరికే మూతలు తీసి ఉన్నాయి. బోరమ్ వాళ్ళమ్మ తీసిందట. "మంచు ఇంకా ఆరలేదు, ఇంత పొద్దున్నే ఎవరు తీస్తారు?" అన్నాను. "ఎండ వచ్చేసింది, అది పైవాళ్ళకే తెలుస్తుంది" అంది. పైవాళ్ళట! రెండు నెలలు గోడ కింద ఉంచి ఇప్పుడు పైవాళ్ళట. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. సాయంత్రం బంగాళాదుంపల పులుసు పంపింది, గిన్నె నా దగ్గరుంది.

జులై 5

వానలు మొదలయ్యాయి. రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగుతున్నాను. మూతల మీద మూతలు, వాటి మీద రాళ్ళు.

జులై 12

ఆడపిల్ల. తెల్లగా, బొద్దుగా ఉంది. నాచు పులుసులో రెండు చెంచాలు పాత సాస్ వేశాను నేనే. బోరమ్ మూడు గిన్నెలు తాగింది. పెద్దవాళ్ళు ఇద్దరం పసిదాని ముక్కు ఎవరిదని గొడవపడ్డాం.

ఆగస్టు 20

ఎండ మండిపోతోంది. అందరూ తిడుతున్నారు. నాకు హాయిగా ఉంది.

సెప్టెంబరు 14

చేపలమ్మే ఆవిడ, "మీ ఇద్దరి సాస్ ఎలా ఉంది?" అని అడిగింది. మీ ఇద్దరి! ఎవరన్నారని అడిగాను. బోరమ్ వాళ్ళమ్మ బజారంతా "మా డాబా సాస్" అని చెప్పుకు తిరుగుతోందట. ఎండ తనది, సాస్ నాది. ఏ ఆఫీసుకి వెళ్ళి కొలిపించను?

అక్టోబరు 18

ఇవాళ రుచి చూసే రోజు.

ఏటా ఇది నాకు నచ్చని రోజు. చెంచా మా ఆయన నోట్లో పెడతాను, ఆయన కళ్ళు మూసుకుంటాడు, కాసేపాగి, "బాగుంది, కానీ..." అంటాడు. నలభై ఏళ్ళుగా అదే మాట. కానీ తర్వాత ఏమిటో ఎప్పుడూ చెప్పడు. చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ సాస్ లాగా లేదు. మా అత్తగారు బతికున్నప్పుడు ఇంకా సూటిగానే అనేది: "నేను ఇచ్చినదే, నేను చెప్పినట్టే, అయినా చెయ్యి మారింది." ఆవిడ పోయాక కూడా ఆ మాట పోలేదు. ప్రతి ఏడూ చేతులు కడుక్కుని, జడ ముడి వేసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా సాస్ వేసేదాన్ని. ఈసారైనా కుదురుతుందేమోనని.

ఇవాళ డాబా మీదే మూడో జాడీలోంచి తీశాను. చచ్చిపోతోందన్నదే. మా ఆయన నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను "కానీ" కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఎంతకీ రాలేదు. కళ్ళు తెరిచి చెంచా చూశాడు, మళ్ళీ ముంచి నాకాడు. "అమ్మ సాస్" అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడు. కళ్ళు తుడుచుకుని సముద్రం కేసి తిరిగి నిలబడ్డాడు.

నేనూ నాలుక మీద వేసుకున్నాను. అవును.

మా అత్తగారి ఊరు ఉప్పుమడుల పక్కన. ఇంటి ముందు చెట్టు లేదు, గోడ లేదు, ఎండ తెల్లవారి నుంచి చీకటిదాకా నేల మీద పడి ఉండేది. మా పెరట్లో ఎప్పుడూ అంత ఎండ లేదు. మేడ లేనప్పుడు కూడా లేదు. సాయంత్రం నాలుగింటికల్లా మా ఇంటి చూరు నీడే జాడీల మీద పడేది, అదేదో మామూలే అనుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు నా చేతిని తిట్టుకున్నాను. నా చేతిలో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు.

ఇంటికొచ్చి తలుపేసుకుని చాలాసేపు ఏడ్చాను. సంతోషమే. కానీ నలభై ఒక్క ఏళ్ళ ఏడుపు కూడా అందులోనే ఉంది.

సాయంత్రం బోరమ్ వాళ్ళమ్మ పిల్లని భుజాన వేసుకుని మేడ మెట్ల మీద నుంచి కేకేసింది. "అక్కా! ఎలా ఉంది సాస్? నేను ఇంకా నోట్లో పెట్టలేదు, నువ్వు చెప్పాకే!"

వీధిలో చేపలమ్మే ఆవిడ కూడా తలెత్తి చూసింది.

"పరవాలేదు" అన్నాను. "ఉప్పు కాస్త ఎక్కువైంది."

ఇంకో రెండు పెద్ద జాడీలు కొనాలి, ఫిబ్రవరిలోగా. డాబా తూర్పు మూల ఖాళీగా ఉంది. ఎల్లుండి వాళ్ళందరూ పిల్లని టీకాకి తీసుకెళ్తారు, అప్పుడు వెళ్ళి కొలుచుకొస్తాను.